నమూనా వాంగ్మూలం

"రానీ. రమ్మన్నది నేనే కదా. వచ్చాక చెప్తా దాని సంగతి," అంది పెత్రోనా. గరిటె గిన్నె అంచుకు తగిలి ఖంగుమంది.

ఆ మాట చెల్లెలితో అన్నదో, పొయ్యి మీద ఉడుకుతున్న మొక్కజొన్న జావతో అన్నదో తెలియదు. మూడు రోజులుగా ఆ ఇంట్లో అక్కచెల్లెళ్ళిద్దరూ మాట్లాడేది గోడలతోనూ గిన్నెలతోనూ.

మికాయేలా కిటికీ పక్కన కూర్చుని, వంకర తిరిగిన ఎడమ మణికట్టును కుడిచేత్తో పట్టుకుని వీధిలో పడుతున్న మంచును చూస్తోంది. అప్పటికి రెండయింది. మూడున్నరకి పెత్రోనా మాంసం ఫ్యాక్టరీలో రెండో షిఫ్టుకి పోవాలి.

ఇవాళ మంగళవారం. నేరానికి గురైనవాళ్ళకి అమెరికాలో ఇచ్చే వీసా కోసం మికాయేలా కాగితాలు శుక్రవారం లోపల పోస్టులో పడాలి. ఈ అమ్మాయి మీద దాడి జరిగింది, దర్యాప్తులో మాకు సహకరించింది అని షెరీఫ్ ఆఫీసులో, అంటే ఇక్కడి పోలీసు ఆఫీసులో, పెద్దాయన సంతకం పెట్టిచ్చిన ఫారానికి ఆయుష్షు ఆర్నెల్లే. ఆ ఆర్నెల్లు శుక్రవారంతో సరి. ఆ పెద్దాయనా సెప్టెంబరులోనే రిటైరై చేపలు పట్టుకోవడానికి పోయాడు. ఆ వీసా రాకపోతే మికాయేలా ఈ దేశంలో ఏ రోజుకి ఆ రోజు భయపడుతూ బతకాల్సిందే.

ఫారం ఉంది. లేనివి రెండు. ఒకటి, జరిగింది జరిగినట్టు మికాయేలా తన మాటల్లో రాసే వాంగ్మూలం. రెండోది, ఆ రోజు ఆమె ఇంటికి ఎలా వచ్చిందో కళ్ళారా చూసిన ఒకే ఒక్క మనిషి సాక్ష్యం. ఆ మనిషి పెత్రోనా. కాగితాలు నింపిపెట్టే చర్చి ఆఫీసు వాళ్ళకి ఇంకొక్క ముక్క కూడా చెప్పనని శనివారం నాడే తెగేసి చెప్పింది.

శనివారం జరిగింది ఇంతే. ఇలా రాయాలి చూసుకో అని ఆ ఆఫీసులో ఇచ్చిన నమూనాను, ఎవరో ఒకామె పాత వాంగ్మూలాన్ని, మికాయేలా రొట్టెలు తింటూ పైకి చదివింది. పేరు మీద నల్ల గీత, ఊరి మీద నల్ల గీత, తేదీల మీద నల్ల గీత. 'నేను బయటికి పోకుండా నా భర్త నా బూట్లు దాచేసేవాడు. నేను ఇంకో జత సంపాదించి, మొక్కజొన్న గింజలు సున్నపు నీళ్ళలో నానబోసే కుండలో గింజల అడుగున దాచాను' అన్న చోటికి వచ్చేసరికి పెత్రోనా చేయి చాచి కాగితం లాగేసుకుంది.

"ఇది నీకెక్కడిది?" అంది. ఆ ఒక్క ప్రశ్నతో నల్ల గీతలన్నీ చెరిగిపోయాయి.

ఆ వాంగ్మూలం పెత్రోనాది. ఎనిమిదేళ్ళుగా ఆమె అందరికీ చెప్పుకొచ్చిన కథ మాత్రం వేరు. తన భర్త ఎవుసెబియో బంగారం లాంటి మనిషని, పని వెతుక్కుంటూ పోయి ఎక్కడో చిక్కుకుపోయాడని. గూట్లో ఆయన ఫొటో, దాని ముందు ఆదివారం ఆదివారం ఒక కొవ్వొత్తి. గ్వాటెమాలా నుంచి అయిదేళ్ళ కింద వచ్చిన చెల్లెలికీ అదే కథ. పరువు కోసం చెప్పే అబద్ధం రోజూ చెప్పుకుంటే అదే అలవాటైపోతుంది, తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

తలుపు చప్పుడైంది.

వచ్చింది నొయెమీ. చర్చి నేలమాళిగలో రెండు గదుల ఆఫీసు ఆమెది. దెబ్బలు తిన్నవాళ్ళకి కాగితాలు నింపిపెట్టడం ఆమె పని. ఎల్ సాల్వడోర్ దేశపు పిల్ల, ముప్ఫై దాటలేదు. చంకలో సంచి, జుట్టు మీద మంచు, ముఖంలో తిట్లకు సిద్ధపడి వచ్చిన వాలకం.

"బూట్లు అక్కడే విప్పు," అంది పెత్రోనా. "దాచనులే."

నొయెమీ వంచిన తల ఎత్తకుండానే బూట్లు విప్పింది.

"పెత్రోనక్కా, నేను చెప్పేది ఒక్కసారి..."

"ముందు తాగు."

వేడి జావ కప్పు బల్ల మీద ఠక్కున పెట్టింది. ఎంత కోపమున్నా వచ్చిన మనిషి నోట్లో గుక్కెడు జావ పడకుండా తిట్టడం వాళ్ళలో లేదు. ఇచ్చి మరీ తిడతారు.

"తాగావా?"

"తాగుతున్నా."

"తాగుతూ చెప్పు. నా బతుకుని ఎంతమందికి పంచిపెట్టావు?"

"నేను పంచలేదక్కా. నాకు వచ్చింది. మాలాంటి వాళ్ళం ఊరికొకరం ఉంటాం, పక్కన లాయరుండడు, అడిగితే చెప్పే దిక్కుండదు. అందుకని అందరికీ కలిపి కంప్యూటర్లో ఒక ఉమ్మడి అర పెట్టుకున్నాం. ఎవరికేది తెలిస్తే అది అందులో పెడతాం. ఏ ఫారం మారింది, ఏ ఊళ్ళో ఏ ఆఫీసరు సంతకం పెడతాడు, ఎవరి వాంగ్మూలం బావుంది... మీది మినెసోటాలో ఎవరో పెట్టారు, ఎనిమిదేళ్ళ కింద. మీదని నాకేం తెలుసు? పేరు కొట్టేసుంది కదా."

"పేరు కొట్టేస్తే మనిషి మాయమైపోతుందా?" పెత్రోనా గొంతు పెరిగింది. "పెత్రోనాలు మా ఊళ్ళో ఇంటికొకతి ఉంది. నానబోసిన గింజల కింద బూట్లు దాచుకున్నది ఎంతమందే? పేరుంచి బూట్లు కొట్టెయ్యాల్సింది!"

నొయెమీ కప్పు కింద పెట్టింది. ఆ ఆఫీసులవాళ్ళకి మనిషంటే పేరు, పుట్టిన తేదీ, ఫైలు నంబరు. అవి మూడూ నల్లగా కప్పేస్తే మనిషిని దాచేశామని నిశ్చింతగా ఉంటారు. వంటింట్లో ఒక మనిషిని ఇంకో మనిషి ఎలా గుర్తుపడుతుందో వాళ్ళకి నేర్పిన వాళ్ళెవరూ లేరు.

"మీరు ఒప్పుకున్నట్టు సంతకం ఉందక్కా. ఇంకొకరికి సాయపడుతుందంటే వాడుకోవచ్చని."

"పెట్టాను. ఆ రోజు పదకొండు కాగితాల మీద పెట్టాను. ఇంకో ఆడదానికి పనికొస్తుందంటే ఎందుకు పెట్టను? నా చెల్లెలు నా బల్ల దగ్గర కూర్చుని నా బతుకు నాకే చదివి వినిపిస్తుందంటే పెట్టేదాన్నా?"

"తీసేయమని పొద్దున్నే రాశాను వాళ్ళకి."

"ఈ లోపల ఎంతమంది పట్టుకుపోయారు?"

నొయెమీ కప్పును బల్ల మీద అటూ ఇటూ తిప్పింది.

"నిన్నే."

"నూట నలభై రెండు సార్లు."

పెత్రోనా నవ్వింది. ఆ నవ్వు వినడానికి బాగాలేదు. "మా ఊళ్ళో అన్ని ఇళ్ళు కూడా లేవు," అంది.

పెత్రోనా వెళ్ళి పొయ్యి ఆర్పేసింది.

"నన్ను తిట్టండక్కా," అంది నొయెమీ. "వచ్చే శనివారం నుంచి రోజూ వస్తా తిట్టించుకోడానికి. కానీ శుక్రవారం దాటితే మికాయేలా చేతిలో ఏమీ ఉండదు. మీ సాక్ష్యం అరపేజీ చాలు. తనది రాయడం అయిందో లేదో..."

మికాయేలా లేచింది. దిండు కింద నుంచి మడిచిన కాగితాలు తెచ్చి, నొయెమీ ముందు పెట్టింది. పెన్సిలుతో రాసిన రెండు పేజీలు, చెరిపి రాసి, చెరిపి రాసి కాగితం పలచబడిపోయింది.

నొయెమీ సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి చదవడం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ పార్కింగు, జనవరి, నేల మీద గట్టిపడిన మంచు. ఎవరో తెలియని మగవాడు. కారు తలుపులో చేయి పెట్టించి తలుపు మూయడం. మొదటి పేజీ సాఫీగానే గడిచింది. రెండో పేజీలో ఒక చోట పెన్ను ఆగింది.

"అయ్యో తల్లీ," అని ఒక వాక్యం మీద అడ్డంగా గీత గీసింది. "ఇది నమూనాలోది కదమ్మా. దాన్ని చూసి పద్ధతి తెలుసుకోమన్నాను గానీ ఎక్కించమనలేదు. అందరూ ఇదే పని చేస్తారు. పోయినేడు ఒకావిడ, పెళ్ళి కూడా కాని మనిషి, నమూనా చూసి ముగ్గురు పిల్లల్ని రాసేసుకుంది."

"ఏం ఎక్కించింది?" అంది పెత్రోనా.

నొయెమీ చెప్పాలా వద్దా అన్నట్టు చూసింది. పెత్రోనాకి చదవడం అంతంతమాత్రమే, అయినా ఆ ఒక్క మాట ఆమె కంటికి ఆనింది. బూట్లు.

"చదువు."

"'నేను పరుగెత్తకుండా అతను నా బూట్లు లాగేసి పట్టుకుపోయాడు.'"

"ఓసి దొంగదానా!" పెత్రోనా చేతిలో గుడ్డ బల్ల మీద కొట్టింది. "నీ దెబ్బలు నీకు చాలలేదటే? నావి కూడా కావాల్సొచ్చాయా? అడిగితే గాజులిచ్చాను, అడిగితే దుప్పటి ఇచ్చాను. ఇది నన్ను అడిగావా? అడగాలనైనా తోచిందా?"

"అక్కా, మీరు ఆగండి," అంది నొయెమీ. "కోపం సంగతి తరవాత. ఇది ప్రమాదం. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు, ఒకే ఇల్లు. ఇద్దరి కాగితాల్లో బూట్లు. ఫైళ్ళు చూసేవాడికి ఒక్క చూపు చాలు. మికాయేలాది కట్టుకథ అని రాసి అవతల పారేస్తాడు. అందుకే కొట్టేస్తున్నా."

"కొట్టెయ్యకండి."

మూడు రోజుల తరవాత మికాయేలా గొంతు అదే వినడం. ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"అది అక్క మాట కాదు. నా మాటే."

"నీదెట్లా అవుతుందే?" అంది పెత్రోనా.

"నువ్వే చెప్పు. సాక్ష్యం ఇవ్వాల్సింది నువ్వు కదా. ఆ రోజు నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఏం చూశావు?"

"ఏం చూశానేంటి? చెయ్యి వేలాడిపోతోంది. రెట్ట మీద నెత్తురు. ముఖం పాలిపోయి, కాళ్ళు..."

పెత్రోనా ఆగిపోయింది.

కాళ్ళు ఆమెకు గుర్తున్నాయి. గోరువెచ్చటి నీళ్ళ బేసిన్‌లో పెట్టి, గంటసేపు తన చేతులతో రుద్దింది వాటిని. తడి సాక్సులు వేళ్ళకి అతుక్కుపోతే కత్తెరతో కోసి తీసింది. ఏడాదిగా ఆ మణికట్టును చూసి ఏడ్చిన మనిషికి ఆ సాక్సులు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

"పారిపోతుంటే మంచులో ఊడిపోయాయనుకున్నా," అంది.

"తాళ్ళు కట్టుకునే బూట్లక్కా. ఊడవు. కూర్చోబెట్టి తాళ్ళు విప్పాడు. తీరిగ్గా." మికాయేలా కళ్ళు బల్ల మీదే ఉన్నాయి. "డబ్బు సంచి పక్కనే పడుంటే ముట్టుకోలేదు. బూట్లు చంకలో పెట్టుకుపోయాడు. ఎందుకో శనివారం దాకా నాకు అర్థం కాలేదు. బూట్లు తీసుకుపోయే మగవాణ్ణి నువ్వు ఎంతమందిని చూశావు?"

పెత్రోనా కుర్చీ వెతుక్కుని కూర్చుంది. అడగకుండానే తెలిసింది ఆమెకి, అయినా అడిగింది.

"ఎవరు?"

"మీ పెళ్ళిలో నన్ను భుజాల మీద ఎత్తుకుని ఊరంతా తిప్పాడు. ఆ మనిషిని గుర్తుపట్టనా? నీ అడ్రసు అడిగాడు. నవ్వుతూ అడిగాడు ముందు. చెప్పలేదు. తలుపులో చెయ్యి పెట్టించి అడిగాడు. అప్పుడూ చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదే? బంగారం లాంటి మనిషన్నాను కదా నేను."

"దారి కాసి అడిగేవాడికి, కొట్టి అడిగేవాడికి అడ్రసు ఎవరిస్తారక్కా?"

నొయెమీ పెన్ను వేళ్ళ మధ్య అలాగే ఉంది. "మరి పోలీసులకి ఎవరో తెలియదన్నావు," అంది మెల్లిగా.

"అక్క ఆదివారం ఆదివారం ఆయన ఫొటో ముందు కొవ్వొత్తి వెలిగిస్తుంది. దణ్ణం పెట్టుకుంటుంది. నేను ఆ పేరు చెప్పి అక్కని ఎట్లా చంపుకోను? పోతే నా చెయ్యే కదా పోయిందనుకున్నా."

పెత్రోనా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆ చేతుల వెనక నుంచే మాట్లాడింది.

"ఆయన రావాలని కాదే ఆ కొవ్వొత్తి. రాకూడదని."

ఆ వాక్యం వినడానికి మికాయేలా ఒక చెయ్యి పోగొట్టుకోవాల్సి వచ్చింది. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియదు. పెత్రోనా మీద మాత్రం రావడం లేదు.

ముందుగా తేరుకున్నది పెత్రోనాయే. ముఖం తుడుచుకుని నొయెమీ వైపు తిరిగింది.

"తెలియని మనిషి అనే ఉంచు. బూట్లు కూడా కొట్టెయ్. శుక్రవారం పంపించెయ్. నా సాక్ష్యం ఇప్పుడే ఇస్తా, రాసుకో."

"ఇప్పుడు విన్నాను కదక్కా. అబద్ధమని తెలిసి నా చేత్తో పంపలేను. రేపు ఎప్పుడైనా ఆయన దొరికి సంగతి బయటపడితే, పోలీసులకి దాచిందని తన దారి శాశ్వతంగా మూసేస్తారు."

"పేరు చెప్తే?"

"చెప్తే మళ్ళీ షెరీఫ్ ఆఫీసుకి పోవాలి. కొత్తగా అంతా చెప్పాలి, కొత్త ఫారం, కొత్త సంతకం. పాతాయన లేడు. కొత్తగా వచ్చినాయన సంతకాలు పెట్టడు."

"పెట్టడని ఎవరు చెప్పారు నీకు?"

"మా ఉమ్మడి అరలో ఉంది. ఊరూరికీ జాబితా ఉంటుంది."

"నా బూట్లున్న అరేనా? చూపించు."

నొయెమీ ఫోను తీసి బల్ల మీద పెట్టింది. వాళ్ళ కౌంటీ పేరు, దాని ఎదురుగా ఒక వరుస. కొత్త అధికారి సంతకం పెట్టరు. అక్టోబరు.

"ఎవరికి పెట్టలేదు?" అంది పెత్రోనా.

"అంటే?"

"పెట్టరు అన్నారంటే ఎవరో ఒకరు పోయి అడిగుండాలి కదా. ఎవరడిగారు? ఏ ఆడది ఆయన గుమ్మంలో నిలబడి రాదనిపించుకుని వచ్చింది?"

నొయెమీ ఆ వరుస మీద వేలు పెట్టి కింద ఉన్నవి తెరిచింది. పక్క ఊరి ఆమె రాసింది: పెట్టరని విన్నాను. దాని కింద ఇంకొకామె: అవునట. దాని కింద మరొకామె: మాకూ అలాగే తెలిసింది. ఆఖరున నవంబరులో ఒక పేరు, నిజమే అన్న ఒక్క మాట.

ఆ ఆఖరు పేరు నొయెమీదే.

"నువ్వు అడిగావా ఆయన్ని?"

"లేదు." ఆమె గొంతులో నీరసం వచ్చేసింది. "పెట్టరని రాసుంటే అడగడమెందుకనుకున్నా. నాలుగు కేసులు సొరుగులో పెట్టేశానక్కా. నలుగురికీ ఇక్కడ లాభం లేదని చెప్పి పంపేశాను."

పెత్రోనా తిట్టలేదు. బహుశా అలసిపోయింది. లేచి కొక్కానికి ఉన్న కోటు తీసుకుంది.

"ఎన్నింటిదాకా ఉంటారు ఆ ఆఫీసులో?"

"అయిదు. మీ షిఫ్టు?"

"ఇవాళ నాగా. ఏడేళ్ళలో మొదటిది, పీకేస్తే పీకేస్తారు." కోటు బొత్తాలు పెట్టుకుంటోంది. "పెట్టకపోతే పెట్టలేదని తేదీతో సహా రాసుకో మీ అరలో. అడిగినవాళ్ళ పేరు మాత్రం కొట్టెయ్యకు. పెత్రోనా అని ఉండనీ. లేవే మికాయేలా, సంచి పట్టుకో."

మికాయేలా లేవలేదు.

"పేరు నువ్వు చెప్తావు," అంది. "కాళ్ళ సంగతి నువ్వు చెప్తావు. కారు తలుపు దగ్గర జరిగింది?"

పెత్రోనా నొయెమీని చూసింది. నొయెమీ తల అడ్డంగా ఊపింది. "అది నువ్వే చెప్పాలమ్మా."

"మొదట్నుంచా?"

"మొదట్నుంచీ. వాళ్ళు మధ్యలో ఆపి అడుగుతుంటారు కూడా."

"ఆ కొత్త అధికారి ముందు, ముక్కూమొహం తెలియని మగాడి ముందు." మికాయేలా మణికట్టు మళ్ళీ పట్టుకుంది. "ఇప్పుడెట్లా నోరు పెగిలిందో నాకే తెలీదు. ఇంకోసారి రాదక్కా నాకు. నన్ను తీసుకుపోయినా రాదు. నేను రాను."

గోడ గడియారం మూడుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. నొయెమీ ఏదో ధైర్యం చెప్పబోయి, తన నోట్లో ఉన్నవన్నీ ఎవరెవరికో చెప్పి అరగదీసిన మాటలేనని తెలిసి ఊరుకుంది.

పెత్రోనా కోటు విప్పకుండానే చెల్లెలి పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎనిమిదేళ్ళ కింద ఒక ఆఫీసులో, దుబాసీ ద్వారా ఒకే ఒక్కసారి చెప్పింది. తన ఊరి భాషలో ఎవరికీ చెప్పలేదు.

"నేను మొదలుపెడతా," అంది. "నా సంగతి. ఆ కాగితంలో లేనివి కూడా. నువ్వు వింటూ ఉండు. అయ్యాక లేవాలనిపిస్తే లే, లేకపోతే లేదు."

రెండుసార్లు నోరు తెరిచి మూసి, మూడోసారి తమ ఊరి భాషలో, బూట్ల దగ్గర మొదలుపెట్టింది.